ఫిల్ము పెట్టె మీది అంకె

డిజిటల్ కెమెరా మెనూలో ఐ.ఎస్.ఓ. అన్న మాట పక్కన 100, 200, 400, 800 అని ఒక వరుస ఉంటుంది. వెలుతురు తక్కువైతే అంకె పెంచాలి, ఎక్కువైతే తగ్గించాలి, బాగా పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుదనం వస్తుంది. కెమెరాతో వచ్చే చిన్న పుస్తకం ఇంతకు మించి చెప్పదు. ఈ వంద దేనికి వంద? థర్మామీటరు మీది వంద డిగ్రీలంటే ఏమిటో బడిపిల్లలు కూడా చెప్పగలరు. కెమెరా మీది వంద గురించి అడిగితే ఏళ్ల తరబడి ఫోటోలు తీస్తున్నవారు కూడా తడబడతారు. నేనూ తడబడ్డాను. ఒక పరీక్ష ఫలితాన్ని ఏ పద్ధతిలో కొలిచారో తెలియకుండా ఆ అంకెను నమ్మి మందు రాయకూడదని వైద్యవిద్యార్థులకు మొదట నేర్పుతారు. కెమెరా విషయంలో మాత్రం నేను ఆ పని చాలా కాలం నిశ్చింతగా చేశాను.

వెతకడం మొదలుపెట్టాక, ఆ అంకెను బడి రోజుల్లోనే చూశానని తెలిసింది. మా ఊరి ఫోటో స్టూడియో అద్దాల బీరువాలో ‘ఆర్వో’ అనే ఫిల్ము పెట్టెలు పేర్చి ఉండేవి. వాటి మీద ఎన్.పి. 20, ఎన్.పి. 22, ఎన్.పి. 27 అని ఉండేది. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ పట్టణంలో తయారైన ఫిల్ము అది. ‘ఒరిజినల్ వోల్ఫెన్’ అన్న రెండు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఆర్వో. ఆ 20, 22, 27 నెంబర్లను బ్రాండు గుర్తులనుకున్నాను. అవి కొలతలు. 22 అంటే 22 జర్మన్ డిగ్రీలు, నేటి భాషలో ఐ.ఎస్.ఓ. 125. 27 అంటే 400. తర్వాతి కాలపు రంగుల ఫిల్ము పెట్టెల మీద ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే ఉండేవి: ఐ.ఎస్.ఓ. 100/21°. గీతకు ఎడమ పక్కది అమెరికా లెక్క, కుడి పక్కది జర్మనీ లెక్క. డిజిటల్ కెమెరా కుడి పక్క అంకెను వదిలేసింది. ఈ వ్యాసం ఆ వదిలేసిన అంకె గురించి.

దానికి ముందు మిగతా రెండు కొలతల సంగతి తేల్చుకోవాలి. ఫోటోకు కావలసిన వెలుతురును నిర్ణయించేవి మూడు. కటకంలోని రంధ్రం ఎంత తెరుచుకుంది, షటర్ ఎంతసేపు తెరిచి ఉంది, లోపల ఉన్న పదార్థం వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుంది. మొదటి రెండింటికీ ఉన్న సంబంధాన్ని హైడెల్‌బెర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, ఆయన ఇంగ్లీషు శిష్యుడు హెన్రీ రాస్కో 1855–1862 మధ్య చేసిన పరిశోధనల్లో నిర్ధారించారు. బడి ప్రయోగశాలలో అందరమూ వెలిగించిన బర్నర్ తాలూకు బున్సెనే ఈయన. కాంతి చేసే రసాయనిక మార్పు కాంతి తీవ్రతను, అది పడిన కాలంతో గుణిస్తే వచ్చే లబ్ధం మీద ఆధారపడుతుందని వారు చూపారు. తీవ్రతను సగం చేసి కాలాన్ని రెట్టింపు చేస్తే ఫలితం మారదు. అతి తక్కువ వెలుతురులో, అతి దీర్ఘకాలంలో ఫిల్ము ఈ సూత్రాన్ని తప్పుతుందని తర్వాత కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ నక్షత్రాల ఫోటోలతో తేల్చాడు. అది వేరే కథ. రోజువారీ ఫోటోలకు బున్సెన్ గుణకారం చాలు.

కెమెరాలో ఆ గుణకారం ఇలా కనిపిస్తుంది. కటకపు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. 50 మిల్లీమీటర్ల కటకంలో రంధ్రం 25 మిల్లీమీటర్లు తెరుచుకుంటే ఎఫ్/2. భాగించగా వచ్చిన సంఖ్య గనుకనే అది పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న వింత వరుసలో ఒక్కో మెట్టుకూ వెలుతురు సగమవుతుంది. కాబట్టి ఎఫ్/8 దగ్గర సెకనులో 125వ వంతు, ఎఫ్/5.6 దగ్గర 250వ వంతు, ఎఫ్/11 దగ్గర 60వ వంతు, ఈ మూడూ ఒకే లబ్ధం. బొమ్మ వెలుతురు మారదు, స్వభావం మారుతుంది. మొదటిదానికన్నా రెండోదానిలో పరుగెత్తే పిల్లవాడు స్పష్టంగా నిలుస్తాడు, మూడోదానిలో వాడి వెనకాల ఉన్న కొండ కూడా స్పష్టమవుతుంది. ఆటో గుర్తు దగ్గర చక్రం ఉన్నంతకాలం ఈ ఎంపిక కెమెరాదే. వాడు పరుగెడుతున్నాడని దానికి తెలియకపోవచ్చు.

రంధ్రాన్ని స్కేలుతో కొలవవచ్చు, కాలాన్ని గడియారంతో. మూడోదాన్ని ఏ పరికరంతో కొలవాలి? అది వెండి లవణం పూసిన పలక గుణం. ఏ రసాయనంలో ఎంతసేపు కడిగారు అన్నదాని మీద, చూసేవాడి కంటి మీద కూడా అది ఆధారపడుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

కొలత లేని రోజుల్లో ఈ విద్యను ఎలా నేర్పేవారో తెలుసుకోవాలంటే బెర్లిన్ వెళ్లాలి. అక్కడి సాంకేతిక విద్యాలయంలో ఫోటోగ్రఫీ రసాయనశాస్త్రం బోధించినవాడు హెర్మాన్ విల్‌హెల్మ్ ఫోగెల్. అప్పటి పలకలకు నీలం తప్ప మిగతా రంగులు సరిగా కనబడేవి కావు. కొన్ని అద్దకపు రంగులు కలిపితే పచ్చ, పసుపు కూడా కనబడతాయని 1873లో కనుక్కొన్నది ఈయనే. 1880లలో ఇంజనీరింగు చదవడానికి అమెరికా నుంచి బెర్లిన్ వచ్చిన ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ దుకాణంలో కనబడిన కెమెరా కొని, ఫోగెల్ తరగతిలో చేరాడు. గురువు ఇచ్చిన ఒక అభ్యాసాన్ని స్టీగ్లిట్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. తెల్లటి ప్లాస్టర్ విగ్రహాన్ని, నల్లటి మఖమల్ గుడ్డను ఒకచోట పెట్టి ఫోటో తీయాలి. తెలుపులోని మలుపులు పోకూడదు, నలుపులోని ముడతలు పోకూడదు. తోటి విద్యార్థులు వచ్చినంతవరకు తీసి ఊరుకున్నారు. ఈయన వారాల తరబడి తీస్తూనే ఉన్నాడు.

ఆ అభ్యాసం మనకు కొత్తది కాదు. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు తెల్ల పట్టుపంచె, పెళ్లికూతురు నల్లటి జడ, జడలో మల్లెలు, ఇవన్నీ ఒకే ఫోటోలో పడాలి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ కూడా సరిగ్గా ఆ కాలంవాడే. దక్కను ఎండలో తెల్లటి దుస్తుల పరివారాన్ని, గోడ నీడలో నిలబడ్డ సేవకుణ్ణి ఒకే పలక మీదికి తేవడం ఆయనకు నిత్యకృత్యం. వారందరికీ ఆధారం చేయి తిరిగిన అంచనాయే. అది గురువు నుంచి శిష్యుడికి రావాలి, లేదా పాడైన పలకల ఖర్చుతో రావాలి.

అంచనాను గణితంగా మార్చిన పని ఇంగ్లండులో జరిగింది. ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు రసాయన కర్మాగార ఉద్యోగులు తీరిక వేళల్లో చేసిన ప్రయోగాలను 1890లో ప్రచురించారు. హర్టర్ స్విట్జర్లాండు వాడు, హైడెల్‌బెర్గ్‌లో బున్సెన్ దగ్గర చదివినవాడు. పలక మీద పడిన వెలుతురును అడ్డంగా, కడిగిన తరువాత వచ్చిన నలుపును నిలువుగా గీస్తే వచ్చే గీత మెల్లగా లేచి, మధ్యలో నిటారుగా సాగి, పైన మళ్లీ వాలిపోతుంది. మందు మోతాదుకు శరీరం స్పందించే తీరును గీసినా ఇటువంటి గీతే వస్తుంది. మధ్య భాగపు వాలుకు వారు గామా అన్న గ్రీకు అక్షరం పెట్టారు. మన కంప్యూటర్ తెరల అమరికలో కనిపించే గామా ఈ అక్షరమే.

జర్మనీలో మాత్రం మరో కొలత పాతుకుపోయింది. పోట్స్‌డామ్ ఖగోళ పరిశోధకుడు యూలియుస్ షైనర్ నక్షత్రాలను ఫోటో తీయడానికి పలకల వేగాలను పోల్చవలసి వచ్చి, 1894లో ఒక పద్ధతి తయారుచేశాడు. క్రమంగా తగ్గుతూ పోయే వెలుతురును పలక మీద పడనిచ్చి, కంటికి కనీకనబడని నలుపు ఎక్కడ మొదలైందో చూడటం ఆ పద్ధతి. దాని నుంచి వచ్చిన అంకె షైనర్ డిగ్రీ. ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు తన పలకలను తానే పోల్చుకోవడానికి అది చక్కటి పద్ధతి. వ్యాపారుల చేతిలో పడేసరికి ‘కనీకనబడని’ అన్న మాటే లొసుగైంది. ఎవరి కంటికి? ఎంతసేపు కడిగాక? ప్రతి తయారీదారూ తన కంటికి కనబడినచోట గీత గీసుకున్నాడు. పక్కవాడి పెట్టె మీద ఉన్నదానికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ వేస్తే ఫిల్ము బాగా అమ్ముడుపోతుంది. షైనర్ లెక్కలో మూడు డిగ్రీలంటే దాదాపు రెట్టింపు వేగం. పెట్టెను నమ్మి తీసినవాడికి చేతికొచ్చేది వెలుతురు చాలని నెగటివ్.

పెద్ద పలకల కాలంలో ఇది ఎలాగో సర్దుకుపోయింది. ఒక్కో పలకను ఎర్రదీపం దగ్గర చూసుకుంటూ కడిగేవారు. వెట్స్‌లార్‌లో ఆస్కర్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో మార్కెట్టులోకి వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. 36 బొమ్మలు ఒకే చుట్టగా, ఒకే గిన్నెలో కడగాలి. బొమ్మ 24 మిల్లీమీటర్లు 36 మిల్లీమీటర్లు మాత్రమే, చాలా పెద్దది చేయాలి. పొరపాటు చేస్తే తర్వాత సరిదిద్దే దారి లేదు. నేటి కెమెరాల్లో ‘ఫుల్ ఫ్రేమ్’ అని గొప్పగా పిలిచే కొలత ఈ చిన్న చట్రమే. దాని వల్లే పెట్టె మీది అంకె నిజం చెప్పవలసిన అవసరం వచ్చింది.

ఆ పనికి పూనుకున్నవారిలో ముఖ్యుడు ఇమాన్యుయెల్ గోల్డ్‌బెర్గ్. 1881లో మాస్కోలో యూదు కుటుంబంలో పుట్టి, లైప్‌జిగ్‌లో 1906లో డాక్టరేటు పొందాడు. 1910లో ఆయన తయారుచేసిన బూడిద రంగు జెలటిన్ వెడ్జి ఒక చివర పారదర్శకంగా ఉండి, రెండో చివరకు వెళ్లేకొద్దీ ఒకే నిష్పత్తిలో నల్లబడుతుంది. కాంతిని కచ్చితంగా, తిరిగి తిరిగి ఒకేలా తగ్గించడానికి అది సులభమైన సాధనం. 1917లో డ్రెస్డెన్‌లోని ఇకా కెమెరా కంపెనీకి డైరెక్టరయ్యాడు. చేతిలో ఇమిడే కినామో సినిమా కెమెరాను రూపొందించాడు. 1926లో ఇకాతో సహా నాలుగు కంపెనీలు కలిసి జైస్ ఐకాన్ ఏర్పడినప్పుడు దానికి సారథి అయ్యాడు.

1922లో ఆయన రాసిన ‘ఫోటో బొమ్మ నిర్మాణం’ అన్న పుస్తకం మొదటి భాగం విషయం వెలుగునీడల వివరాలు. ఎదురుగా ఉన్న దృశ్యంలో అతి తెలుపుకు, అతి నలుపుకు మధ్య ఎంత తేడా ఉంది, అందులో నెగటివ్ ఎంత పట్టుకుంటుంది, కాగితం మీదికి ఎంత చేరుతుంది? ఫోగెల్ విగ్రహం, మఖమల్ గుడ్డల సమస్యకు కొలతలతో ఇచ్చిన సమాధానం ఇది. నెగటివ్ గామాను కాగితం గామాతో గుణిస్తే దాదాపు ఒకటి రావాలని, అప్పుడే దృశ్యంలోని నిష్పత్తులు బొమ్మలో నిలుస్తాయని చెప్పే నియమానికి ఆయన పేరే ఉంది. ఈనాటికీ మన ఫైళ్లు దాదాపు 1/2.2 గామాతో తయారై, 2.2 గామా ఉన్న తెర మీద కనిపిస్తున్నాయి. గుణిస్తే ఒకటి. ప్రతి రోజూ ఫోనులో చూసే ప్రతి ఫోటో వెనకా ఈ లెక్క ఉంది.

1931 ఆగస్టు 3 నుంచి 8 దాకా డ్రెస్డెన్‌లో ఎనిమిదవ అంతర్జాతీయ ఫోటోగ్రఫీ మహాసభ జరిగింది. అక్కడ గోల్డ్‌బెర్గ్, డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయంలో ఫోటోగ్రఫీ సంస్థను నడుపుతున్న రాబర్ట్ లూథర్ కలిసి కొత్త ప్రమాణాన్ని ప్రతిపాదించారు. (ఫిల్ము మీద దాచిన పత్రాలను కాంతి కంటితో వెదికే యంత్రాన్ని కూడా అదే సభలో గోల్డ్‌బెర్గ్ వివరించాడు. నేటి సెర్చ్ ఇంజన్లకు పూర్వరూపాల్లో దాన్ని ఒకటిగా లెక్కించేవారున్నారు.) ప్రతిపాదన సారం సరళమైనది. కనీకనబడని నలుపును కంటితో వెదకొద్దు. నిర్దిష్టమైన దీపం కింద, క్రమంగా నల్లబడే వెడ్జి గుండా ఫిల్ముకు వెలుతురు చూపండి. కడిగాక, వెలుతురు సోకని చోట ఉన్న పొగరంగు కన్నా సాంద్రత సరిగ్గా 0.1 ఎక్కువైన చోటును పరికరంతో పట్టుకోండి. అక్కడికి చేరిన వెలుతురును బట్టి అంకె వేయండి. అంకె సంవర్గమానంలో ఉంటుంది, మూడు డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు. అందుకే 21 నుంచి 24కు వెళితే 100 నుంచి 200కు వెళ్లినట్టు, 27కు వెళితే 400కు వెళ్లినట్టు.

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఏప్రిల్‌లో నాజీ దళాలవారు గోల్డ్‌బెర్గ్‌ను ఆయన కార్యాలయం నుంచి ఎత్తుకుపోయారు. కొన్ని రోజులు నిర్బంధించి, రాజీనామా పత్రం మీద సంతకం చేయించుకుని విడిచిపెట్టారు. కుటుంబంతో పారిస్ వెళ్లిపోయాడు, 1937లో పాలస్తీనా చేరాడు.

ఆయన ప్రతిపాదించిన ప్రమాణం మాత్రం ఆగలేదు. డీ.ఐ.ఎన్. 4512 అన్న పేరుతో 1934 జనవరిలో జర్మన్ ప్రమాణంగా వెలువడింది. తొలినాళ్లలో 18/10° అని పదో వంతుల్లో రాసేవారు, తర్వాత కింది పది పోయింది. షైనర్ డిగ్రీలకు షైనర్ పేరు ఉంది, హర్టర్, డ్రిఫీల్డ్‌ల అంకెలకు వారి పేర్లున్నాయి. డీ.ఐ.ఎన్. డిగ్రీకి మనిషి పేరు లేదు. ప్రమాణపత్రాలకు కర్తల పేర్లు ఉండకపోవడం మామూలేనని నాకు తెలుసు. కాని దేశం వదిలి పోవలసి వచ్చినవాడి విషయంలో ఆ మామూలు ఎంత సౌకర్యంగా అమరిందో కూడా గమనించాలి. కంపెనీ చరిత్రలోనూ, ఫోటోగ్రఫీ చరిత్రలోనూ గోల్డ్‌బెర్గ్ దశాబ్దాల పాటు దాదాపు కనబడడు. బర్క్‌లీ ఆచార్యుడు మైకేల్ బక్‌లాండ్ రాసిన సమగ్ర జీవితచరిత్ర 2006లో గాని రాలేదు.

అమెరికా తన ప్రమాణాన్ని 1943లో తెచ్చుకుంది. దాని అంకెలు మామూలు లెక్కలో ఉంటాయి, రెట్టింపు వేగానికి రెట్టింపు అంకె. 1974లో అంతర్జాతీయ సంస్థ రెండింటినీ గీతకు చెరోవైపు పెట్టింది.

ఇక డిజిటల్. ఇక్కడ ఫిల్ముతో వచ్చిన అలవాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 27 డిగ్రీల ఫిల్ములో వెండి లవణపు రేణువులు నిజంగానే వేరు, 21 డిగ్రీల ఫిల్ములో వేరు. కెమెరాలోని సెన్సరును మాత్రం మనం మార్చడం లేదు. అంకె పెంచినప్పుడు సెన్సరు చురుకుదనం పెరగదు. తక్కువ వెలుతురు చాలని కెమెరాకు చెబుతున్నాము, వచ్చిన బలహీనమైన సంకేతాన్ని అది పెద్దది చేసి చూపుతుంది. బొమ్మలోని ఇసుకకు అసలు కారణం వెలుతురు లేమి. ఒక బిందువు మీద పదివేల కాంతికణాలు పడితే వాటి హెచ్చుతగ్గులు వంద, అంటే నూటికి ఒకటి. వంద కణాలే పడితే హెచ్చుతగ్గులు పది, అంటే నూటికి పది. మోతాదు తగ్గించిన ఎక్స్‌రే ఎందుకు గరుకుగా ఉంటుందో తెలిసిన వైద్యులకు ఇది వివరించనక్కరలేదు. నిలకడగా ఉన్న దృశ్యమైతే అంకె 100 దగ్గర ఉంచి, ముక్కాలి పీట మీద కెమెరా పెట్టి, షటర్‌ను ఎక్కువసేపు తెరవడమే మేలు.

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. లూథర్, గోల్డ్‌బెర్గ్‌లు కొలిచింది ఫిల్ము నేలను, నలుపులో వివరం మొదలయ్యే చోటును. నెగటివ్‌కు వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. అందుకే పాత ఫోటోగ్రాఫర్లు నీడలను చూసి లెక్క వేసేవారు. డిజిటల్ కెమెరాల ప్రమాణం ఐ.ఎస్.ఓ. 12232 మొదట 1998లో వచ్చింది. అందులో ఒక పద్ధతి కొలిచేది పైకప్పును, సెన్సరు నిండిపోయి ఇక తెలుపులో వివరం మిగలని చోటును. నీడలను కంప్యూటరులో కొంత పైకి లేపుకోవచ్చు. మాసిపోయిన తెలుపును ఎవరూ తిరిగి తేలేరు. పెళ్లికొడుకు పంచె మీది మడతలు ఒకసారి పోతే పోయినట్టే. కాబట్టి డిజిటల్‌లో ముందు చూడవలసింది తెలుపు వైపు. కెమెరా వెనక తెర మీద హిస్టోగ్రామ్ కుడి అంచును గుద్దుకుంటున్నదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. అదే సమయంలో కెమెరా మీటరు తనకు ఎదురైన ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిద రంగుగా భావిస్తుందని గుర్తుంచుకోవాలి. జర్మనీ చలికాలంలో మంచు ఫోటోలు మురికిగా రావడం దీని వల్లే. మంచును తెల్లగా చూపాలంటే, హిస్టోగ్రామ్ అంచు దాటకుండా, మీటరు చెప్పినదాని కన్నా వెలుతురు పెంచాలి. నల్ల మఖమల్ గుడ్డకు తగ్గించాలి.

2006లో ఆ ప్రమాణాన్ని సవరించినప్పుడు మరో రెండు పద్ధతులు చేర్చారు. వాటిలో ఒకదాని పేరు ‘సిఫారసు చేసిన ఎక్స్‌పోజర్ సూచిక’. దాని ప్రకారం ఏ అంకె వేస్తే ఫోటోలు బాగుంటాయో తయారీదారు తానే నిర్ణయించవచ్చు. రెండు కంపెనీల కెమెరాలు ఒకే అంకె, ఒకే రంధ్రం, ఒకే కాలంతో తీసినా వచ్చే బొమ్మల వెలుతురు వేరుగా ఉండవచ్చు, రెండూ ప్రమాణాన్ని పాటించినట్టే లెక్క. దీనికి సాంకేతిక కారణాలున్నాయని ఒప్పుకుంటాను. కెమెరాలోని ప్రాసెసరు బొమ్మను ఎన్నో విధాలుగా మలుస్తుంది గనుక ఫిల్ముకు వేసినట్టు ఒకే గీత వేయడం కష్టం. అయినా తన కంటికి కనబడినచోట గీత గీసుకున్న షైనర్ కాలపు వ్యాపారి గుర్తుకు రాక మానడు. అందుకే కొత్త కెమెరా చేతికి వచ్చాక తెల్లటి తువాలును, నల్లటి కోటును కిటికీ పక్కన పెట్టి, వెలుతురును ఒక్కో మెట్టు పెంచుతూ ఒక సాయంత్రం గడిపితే, ఆ కెమెరా వంద నిజానికి ఎంతో తెలుస్తుంది. ఫోగెల్ ఇచ్చిన ఇంటిపనే అది.

డ్రెస్డెన్‌లో ఒకప్పటి ఎర్నెమాన్ కెమెరా కర్మాగారం ఇప్పుడు సాంకేతిక ప్రదర్శనశాల. జైస్ ఐకాన్‌లో కలిసిన నాలుగు కంపెనీల్లో ఎర్నెమాన్ ఒకటి. దాని గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. గోల్డ్‌బెర్గ్ టెల్ అవీవ్‌లో కచ్చితమైన కొలత పరికరాల ప్రయోగశాల నెలకొల్పి చివరిదాకా పనిచేశాడు. 1968లో ఇజ్రాయెల్ ప్రభుత్వం తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. 1970 సెప్టెంబరులో చనిపోయాడు. ఆ తర్వాత మరో ఇరవై ఏళ్ల దాకా వోల్ఫెన్‌లో ఫిల్ము పెట్టెల మీద 20, 22, 27 అచ్చవుతూనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఓడలెక్కి మా ఊరి స్టూడియో బీరువాలోకి చేరాయి. నా పదో తరగతి హాల్ టికెట్టు మీది ఫోటో 22 డిగ్రీల ఫిల్ము మీద తీసినదే అయి ఉంటుంది. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన నల్లటి జుట్టు. రెండింటిలోనూ వివరం ఉంది.